కక్ష్యలోంచి దిగేటప్పుడు అంత వేడి ఎందుకు? రాకెట్‌తోనే నెమ్మదిగా దిగకూడదా?

సాయిలక్ష్మి (ప్రశ్న)

2021 జులై 11న శిరీష బండ్ల వెళ్ళొచ్చిన యూనిటీ నౌక ఎంత తెల్లగా బయల్దేరిందో అంత తెల్లగానే రన్‌వే మీద దిగింది. 2025 జులై 15న శుభాంశు శుక్లా బృందంతో కాలిఫోర్నియా తీరం దగ్గర సముద్రంలో దిగిన డ్రాగన్ మాత్రం కట్టెల పొయ్యి మీంచి దించిన కుండలా మసిబారి ఉంది. రెండూ అంతరిక్షం నుంచి వచ్చినవే కదా, ఇంత తేడా ఎందుకు?

ఇంకో అనుమానం. ఫాల్కన్ రాకెట్ కింది భాగం ఇంజిన్ మండించుకుంటూ నిలువుగా వచ్చి దిగుతోంది. మనుషులున్న నౌకను కూడా అలాగే రాకెట్‌తో ఆపుకుంటూ మెల్లగా దించితే ఈ మంటా, కవచం గొడవా ఉండవు కదా?

పాఠ్యపుస్తకాల్లో ఈ వేడి "గాలి రాపిడి" వల్ల పుడుతుందని ఉంటుంది. రాపిడి కాదు, వేరే కారణం అని కొందరంటారు. ఏది సరి? దిగేటప్పుడు ఏ దశలో ఏం జరుగుతుంది, ఎక్కడ తేడా వస్తే ప్రాణాల మీదికి వస్తుంది అన్నది అంకెలతో చెప్తే పిల్లలకు వివరించడానికి పనికొస్తుంది.


వేణు_ఏరో

సాయిలక్ష్మి గారూ, అంతరిక్షం దాకా వెళ్ళడం వేరు, కక్ష్యలో తిరగడం వేరు. మొదటిదానికి ఎత్తు చాలు, రెండోదానికి వేగం కావాలి. మీరడిగిన తేడా అంతా ఇక్కడే ఉంది.

యూనిటీ 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళింది. అక్కడ దాదాపు ఆగిపోయి, పైకి విసిరిన బంతిలా కిందికి పడింది. దాని గరిష్ఠ వేగం ధ్వనికి 3 రెట్లు. అంత ఎత్తు నుంచి పడే ప్రతి కిలో బరువుకీ ఉండే శక్తి సుమారు 0.83 మెగాజౌల్స్. ఇక అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకు 7.66 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఆ వేగం వల్ల కిలోకు 29.3, ఎత్తు వల్ల ఇంకో 3.7, మొత్తం 33 మెగాజౌల్స్. అంటే 40 రెట్లు. ఇందులో ఎత్తు వాటా ఎంత తక్కువో చూడండి. చాలామంది అంత ఎత్తు నుంచి పడుతోంది కాబట్టి కాలుతోందనుకుంటారు, నిజానికి పదింట తొమ్మిది వంతులు అడ్డంగా పరిగెత్తే వేగానివే.

పిల్లలకు చెప్పడానికి ఒక లెక్క. ఇంట్లో వాడే 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ మొత్తం మండితే వచ్చే వేడి సుమారు 650 మెగాజౌల్స్. రష్యా సోయజ్ నౌకలో కిందికి దిగే భాగం బరువు దాదాపు 2.9 టన్నులు. దాన్ని 33తో గుణిస్తే 95,000 మెగాజౌల్స్ దాటుతుంది. అంటే దాదాపు 145 సిలిండర్లు! అందులో చాలా భాగాన్ని ఏడెనిమిది నిమిషాల్లో వదిలించుకోవాలి.

యూనిటీకి ఆ బాధ లేదు. తోక భాగాన్ని 60 డిగ్రీలు పైకి మడుచుకుని, షటిల్ కాక్ బంతిలా గాలికి అడ్డంగా పడుతుంది. పల్చటి రక్షణ పొర చాలు.

ఇప్పుడు రాకెట్‌తో ఆపే సంగతి. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ మండించే మంచి ఇంజిన్‌లోంచి వాయువు సెకనుకు దాదాపు 3.3 కిలోమీటర్ల వేగంతో బయటికి పోతుంది. నౌక వేగం 7.66. సియోల్కోవ్‌స్కీ సూత్రం ప్రకారం, ఆపడం మొదలుపెట్టే ముందు బరువు ఆగాక మిగిలే బరువుకు 10 రెట్లు ఉండాలి. 3 టన్నుల క్యాప్సూల్‌ని ఆపాలంటే కక్ష్యలో 30 టన్నులు ఉండాలి, అందులో 27 టన్నులు ఇంధనమే. ఇది ట్యాంకులకీ ఇంజిన్‌కీ బరువే లేదనుకుని వేసిన లెక్క. వాటినీ కలిపితే ఇంకా చాలా పెరుగుతుంది.

ఆ 30 టన్నుల్ని మళ్ళీ కింద నుంచే పైకి మోయాలి కదా. సోయజ్ రాకెట్ దాదాపు 310 టన్నుల బరువుతో లేచి, కక్ష్యలో పెట్టేది సుమారు 7 టన్నులు. ఆ నిష్పత్తిలో 30 టన్నులకు 1,300 టన్నుల రాకెట్ కావాలి. దీనికి బదులు అపోలో క్యాప్సూల్ మోసుకెళ్ళిన ఉష్ణ కవచం బరువు 800 కిలోల పైచిలుకు. చుట్టూ గాలి బ్రేకు ఊరికే దొరుకుతుంటే 27 టన్నుల బ్రేకుని మోసుకెళ్ళడం దేనికి?

ఫాల్కన్ కింది భాగం సంగతి వేరు. అది విడిపోయేటప్పటి వేగం సెకనుకు రెండు కిలోమీటర్ల పైచిలుకు. కిలోకు లెక్కేస్తే కక్ష్యలో ఉన్న శక్తిలో పదో వంతు. పైగా అప్పటికి ట్యాంకులు దాదాపు ఖాళీ. అయినా గాలి దట్టమయ్యే చోట కాసేపు ఇంజిన్లు మండించి వేగం తగ్గించుకుంటుంది, ఆ తర్వాత చాలావరకు గాలే ఆపుతుంది, చివరి క్షణాల్లో మళ్ళీ ఇంజిన్. కక్ష్యా వేగం దగ్గరికి వెళ్ళే స్టార్‌షిప్‌కైతే ఫాల్కన్ చేసే స్పేస్‌ఎక్స్ సంస్థే దాదాపు 18,000 ఉష్ణ కవచ పలకలు అతికిస్తోంది. ఇంజిన్ ఉంది కదా అని పలకలు మానలేదు.


కక్ష్య_లెక్కలు

వేణు గారు చెప్పినదానికి కొనసాగింపుగా, కక్ష్యలోంచి ఎలా బయటపడతారో చెప్తాను. సోయజ్‌ని తీసుకుంటున్నా. 1967 నుంచి మనుషుల్ని మోస్తున్న నౌక, లోపాలూ సవరణలూ అన్నీ బాగా తెలిసినవి. 1984లో రాకేశ్ శర్మ వెళ్ళిందీ వచ్చిందీ కూడా సోయజ్‌లోనే (టీ-11లో వెళ్ళి టీ-10లో దిగారు).

వేగం మొత్తం తగ్గించాల్సిన పని లేదు. కక్ష్యలో ఒక చోట వేగం సెకనుకు 1 మీటరు తగ్గిస్తే, భూమికి అవతలి వైపు కక్ష్య ఎత్తు సుమారు మూడున్నర కిలోమీటర్లు తగ్గుతుంది. సోయజ్ సెకనుకు 128 మీటర్లు తగ్గిస్తుంది. గుణించి చూడండి, దాదాపు 450 కిలోమీటర్లు. నౌక ఉన్నది 400 దగ్గర. అంటే దారి అవతలి వైపు నేలలోకి దిగిపోయింది. మధ్యలో వాతావరణం అడ్డం వచ్చి పట్టుకుంటుంది. మొత్తం వేగంలో తగ్గించింది వందకు రెండు వంతులు కూడా కాదు.

నేల తాకే సమయం నుంచి వెనక్కి లెక్కపెడితే వరస ఇది.

సుమారు మూడున్నర గంటల ముందు అంతరిక్ష కేంద్రం నుంచి విడిపోతారు. దానికి ముందే తలుపు మూసి, గాలి ఎక్కడైనా కారుతోందా అని పీడనం చూస్తారు. ఒంటి మీద సోకోల్ సూట్లు (నౌకలో గాలి పోయినా ప్రాణం నిలిపే దుస్తులు) ఉంటాయి. (అవి ఎందుకు వచ్చాయో కింద ఎవరైనా చెప్తారు, చెప్పకపోతే నేనే చెప్తా.)

54 నిమిషాల ముందు నౌకను వెనక్కి తిప్పి, ఇంజిన్‌ని ప్రయాణించే దిక్కుకు ఎదురుగా పెట్టి 4 నిమిషాల 40 సెకన్లు మండిస్తారు. ఇది సగంలో ఆగితే పెద్ద చిక్కు. దారి మరీ పల్లంగా ఉండి గాలిలో ఎక్కువసేపు ఈదుకుంటూ పోతుంది, దిగే చోటు వేల కిలోమీటర్లు తప్పుతుంది. అందుకే ప్రధాన ఇంజిన్ ఆగితే మిగతాది చిన్న ఇంజిన్లతో పూర్తి చేసే ఏర్పాటు ఉంటుంది.

దాదాపు 27 నిమిషాల ముందు, 140 కిలోమీటర్ల ఎత్తులో, నౌక మూడు ముక్కలవుతుంది. ముందున్న గుండ్రటి గది, వెనకున్న ఇంజిన్ భాగం గాలిలో కాలిపోతాయి. మధ్యలో గంట ఆకారంలో ఉన్న భాగంలో ముగ్గురు మనుషులుంటారు.

23 నిమిషాల ముందు 100 కిలోమీటర్ల ఎత్తు. ఇక్కడ నేలకు సమాంతరంగా పోతున్నట్టే ఉంటుంది, వాలు ఒకటిన్నర డిగ్రీ కూడా ఉండదు. క్రమంగా బరువు పెరుగుతుంది. అన్నీ సవ్యంగా ఉంటే 4 నుంచి 5 జీ, అంటే 60 కిలోల మనిషి 250, 300 కిలోల బరువున్నట్టు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి కూర్చుంటారు కాబట్టి బరువు ఛాతీ మీద పడుతుంది. నిలువుగా కూర్చుంటే రక్తం తలలోంచి కాళ్ళకు దిగి స్పృహ తప్పేది.

15 నిమిషాల ముందు, 10.7 కిలోమీటర్ల ఎత్తులో, ప్యారాచూట్ మూత ఎగిరిపోతుంది. అప్పటి వేగం సెకనుకు 230 మీటర్లు. ఒక్కసారిగా పెద్ద ప్యారాచూట్ విప్పితే చిరిగిపోతుంది. అందుకని ముందు చిన్నవి, అవి లాగితే 24 చదరపు మీటర్లది, అది వేగాన్ని 80కి తెచ్చాక 1,000 చదరపు మీటర్ల ప్రధాన ప్యారాచూట్. వెయ్యి చదరపు మీటర్లంటే దాదాపు పావెకరం గుడ్డ! దాంతో వేగం సెకనుకు 7 మీటర్లకు వస్తుంది.

ఆ తర్వాత కాలిన అడుగు కవచాన్ని వదిలేస్తారు, దాని వెనకాల చివరి ఇంజిన్లు దాగి ఉంటాయి. నేలకు ముప్పావు మీటరు ఎత్తులో గామా కిరణాలతో ఎత్తు కొలిచే పరికరం సంకేతం ఇవ్వగానే ఆరు చిన్న ఇంజిన్లు భగ్గుమంటాయి. ఫొటోల్లో కనిపించే ఆ దుమ్ము మేఘం వీటిదే. వ్యోమగామి కూర్చునే తొట్టిని ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకు, జిప్సం అచ్చు తీసి చేస్తారు. వీపుకీ తొట్టికీ మధ్య ఖాళీ ఉంటే దెబ్బ ఒక్క ఎముక మీదే పడుతుంది, ఖాళీ లేకపోతే వీపంతా పంచుకుంటుంది.


హరిత_ప్లాస్మా

వేడి గురించి నేను రాస్తాను. రాపిడి ఉంది, కానీ క్యాప్సూల్ ముందు భాగంలో అసలు కారణం అది కాదు. సైకిల్ పంపుతో గట్టిగా గాలి కొడితే పంపు అడుగు వేడెక్కుతుంది కదా, అలాంటిదే. ధ్వనికి 25 రెట్ల వేగంతో నౌక వస్తుంటే ముందున్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. పోగుపడి, నొక్కుకుపోయి, నౌకకు కాస్త ముందు ఒక షాక్ వేవ్‌గా నిలుస్తుంది. దాన్ని దాటి లోపలికొచ్చే గాలి ఒక్కసారిగా వేల డిగ్రీలకు వేడెక్కుతుంది. చంద్రుడి నుంచి సెకనుకు 11 కిలోమీటర్ల వేగంతో తిరిగొచ్చిన అపోలో ముందు ఆ పొర సుమారు 11,000 కెల్విన్, సూర్యుడి ఉపరితలం కన్నా దాదాపు రెండింతలు. కవచం ఉపరితలం మాత్రం 2,760 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగింది. ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే ఈ విద్య అంతా ఉంది.

1950ల మొదట్లో అందరూ సూదిమొన లాంటి ఆకారాలు గీస్తుండేవారు. అమెరికాలో ఏమ్స్ ప్రయోగశాలకు చెందిన హ్యారీ జూలియన్ అలెన్, ఆల్‌ఫ్రెడ్ ఎగర్స్ తిరగేసి చెప్పారు: ముక్కు మొద్దుగా ఉండాలి. మొన సూదిగా ఉంటే షాక్ వేవ్ దానికి అంటుకుని ఉంటుంది, వేడి నేరుగా లోహంలోకి వెళ్తుంది. మొద్దుగా ఉంటే షాక్ వేవ్ దూరంగా నిలబడుతుంది, వేడెక్కిన గాలి చుట్టూ జారి వెనక్కి పోతుంది. 145 సిలిండర్ల వేడిలో నౌకకు అంటేది కొద్ది శాతమే, మిగతాదంతా గాలినే వేడెక్కిస్తూ వెనక వదిలేసిన తోకలో పోతుంది. లెక్క ప్రకారం ముందు భాగపు వ్యాసార్ధం రెట్టింపు చేస్తే మధ్య బిందువు దగ్గర వేడి 29 శాతం తగ్గుతుంది. వేగం మాత్రం ఘనంలో పనిచేస్తుంది. అందుకే చంద్రుడి నుంచి రావడం, దగ్గరి కక్ష్య నుంచి రావడం ఒకటి కాదు. వేగం ఒకటిన్నర రెట్లు లోపే పెరిగినా వేడి తాకిడి మూడు రెట్లకు చేరుతుంది, అంత వేగంలో గాలి పొర వెలుగే ఇంకా కొంత వేడి పోస్తుంది.

ఇక కవచం. కాలిపోకుండా ఉండేది అనుకుంటారు, నిజానికి అది పద్ధతిగా కాలడానికే చేసింది. కవచంలోని రెసిన్ (జిగురు లాంటి పదార్థం) వేడికి విచ్చుకుని వాయువవుతుంది. ఆ మార్పుకే కొంత వేడి ఖర్చవుతుంది. వాయువు బయటికి ఊదుకుంటూ వచ్చి వేడి గాలిని కొంచెం వెనక్కి నెడుతుంది. మిగిలిన బొగ్గు పొర ఎర్రగా కాగి వేడిని బయటికే వెదజల్లుతుంది: 2,000 కెల్విన్ దగ్గర చదరపు మీటరుకు 900 కిలోవాట్లు. బొగ్గు కింద ఉన్న పొర వేడిని సరిగా పారనివ్వదు. లోపలి లోహం వేడెక్కే లోపు అసలు పని అయిపోతుంది.

అపోలో కవచం తయారీ చూస్తే ఆశ్చర్యమేస్తుంది. క్యాప్సూల్ అంతటా ఫైబర్‌గ్లాస్‌తో తేనెపట్టులా గదులు అతికించి, ఒక్కో గదిలో అవ్‌కోట్ అనే ముద్దని పిచికారీ తుపాకీ లాంటి సాధనంతో మనుషులే నింపారు. మూడు లక్షలకు పైగా గదులు. ఎక్స్‌రే తీసి, గాలి బుడగ కనబడిన గదిని తవ్వి మళ్ళీ నింపేవారు. ఎందుకంటే బుడగ ఉన్న చోట వాయువు చిక్కుకుని పెచ్చు ఊడుతుంది.

ఆ పెచ్చుల సంగతి పాతబడలేదు. 2022 డిసెంబర్ 11న మనుషులు లేకుండా చంద్రుడి నుంచి తిరిగొచ్చిన నాసా నౌక ఒరాయన్ కవచం మీద వందకు పైగా చోట్ల ముక్కలు ఊడిపోయి ఉన్నాయి. అందులో అవ్‌కోట్‌ని గదుల్లో నింపకుండా పెద్ద దిమ్మలుగా పోసి అతికించారు. ఒకసారి గాలిలో మునిగి, పైకి లేచి, మళ్ళీ దిగే దారి ఎంచుకున్నారు. ఆ మధ్య విరామంలో పైన వేడి తగ్గి బొగ్గు ఏర్పడటం నెమ్మదించింది, లోపల మాత్రం వాయువు పుడుతూనే ఉంది. దిమ్మకు తగినన్ని సూక్ష్మ రంధ్రాలు లేక వాయువు పోయే దారి దొరకలేదు. పీడనం పెరిగి పగిలింది. లోపల ఉష్ణోగ్రత మాత్రం మామూలుగానే ఉంది, మనుషులుండి ఉంటే క్షేమంగానే దిగేవారని నాసా తేల్చింది. నేలమీద చేసిన పరీక్షల్లో వేడి తాకిడి నిజంగా పడినదానికన్నా ఎక్కువగా ఉండటంతో ఈ లోపం ముందు బయటపడలేదు. తక్కువ వేడే ఇబ్బంది పెట్టిందన్నది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.


వేణు_ఏరో

హరిత గారి వివరణకు ఒక చేర్పు. "వాలు తక్కువైతే నౌక నీళ్ళమీద విసిరిన పెంకులా ఎగిరి శాశ్వతంగా అంతరిక్షంలోకి పోతుంది" అని చాలా చోట్ల రాస్తారు. దగ్గరి కక్ష్య నుంచి వచ్చే నౌక అలా పోలేదు. దానికి తప్పించుకునేంత వేగమే లేదు. కాస్త లేచినా మళ్ళీ పడుతుంది, కాకపోతే ఎక్కడో పడుతుంది. చంద్రుడి నుంచి వచ్చే నౌకకు మాత్రం ఆ భయం ఉంది. అపోలో దాదాపు 6.5 డిగ్రీల వాలుతో, అటూ ఇటూ ఒక డిగ్రీ లోపు రావాలి. ఎక్కువైతే బరువు మనుషులు ఓర్చుకోలేనంత పెరుగుతుంది, తక్కువైతే పైకి లేచి పొడవాటి కక్ష్యలో మళ్ళీ దూరం పోతుంది. ఇంజిన్ ఉన్న భాగాన్ని అప్పటికే వదిలేశారు, లోపల గాలి, కరెంటు కొన్ని గంటలకే ఉంటాయి.


సాయిలక్ష్మి

చాలా బాగా అర్థమైందండీ. సిలిండర్ల లెక్క రేపే వాడతాను. సోయజ్ మూడు ముక్కలవడం గురించి రాశారు కదా, ఆ ముక్క విడిపోకపోతే? సోకోల్ సూట్ల కథ కూడా ఎవరూ చెప్పలేదు. గగన్‌యాన్ సముద్రంలోనే ఎందుకు దిగుతుందో కూడా చెప్పగలరా?


కక్ష్య_లెక్కలు

విడిపోకపోవడం మొదటి యాత్రలోనే జరిగింది. 1961 ఏప్రిల్ 12న గగారిన్ వోస్తోక్‌లో ఇంజిన్ భాగం ఒక తీగల కట్టతో వేలాడుతూ ఉండిపోయింది. కొన్ని నిమిషాల పాటు రెండూ కలిసి గిరగిరా తిరిగాయి, చివరికి వేడికి తీగలు కాలి తెగాయి. ఆయన్ని కాపాడింది ఆకారం. వోస్తోక్ గోళం, చుట్టూ కవచమే. ఎటు తిరిగినా కాలేది కవచమే.

సోయజ్ గోళం కాదు. అడుగున మందపాటి కవచం, పైన తలుపు దగ్గర పల్చటిది. 1969 జనవరి 18న సోయజ్-5లో బోరిస్ వోలినోవ్ ఒక్కడే ఉన్నాడు. ఇంజిన్ భాగం విడిపోలేదు. ఆ జంట ఆకారానికి గాలిలో స్థిరంగా నిలిచే భంగిమ తలుపు ముందుకు పెట్టుకునేది. అంటే కవచం వెనక, తలుపు మంటలో! తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మాడి పొగ లోపలికి వచ్చింది. తలుపు పోయే లోపే రెండు భాగాల్ని కలిపే కడ్డీలు వేడికి తెగిపోయాయి. ఆ క్షణమే క్యాప్సూల్ తనంతట తాను తిరిగి కవచాన్ని ముందుకు పెట్టుకుంది. ఎవరూ తిప్పలేదు. బరువంతా కవచం వైపు ఉండేలా సర్దుతారు కాబట్టి, ఎటు తోసినా లేచి నిలబడే తంజావూరు బొమ్మలా సర్దుకుంటుంది. ప్యారాచూట్ తాళ్ళు కొంత మెలిపడి, చివరి ఇంజిన్లు పనిచేయక, నేలను గట్టిగా గుద్దుకుంది. వోలినోవ్ పళ్ళు విరిగాయి, ప్రాణం దక్కింది.

2008 ఏప్రిల్ 19న సోయజ్ టీఎంఏ-11లో మళ్ళీ ఇదే రకం. పేలి విడిపోవాల్సిన బోల్టుల్లో ఒకటి పనిచేయలేదు. పెగ్గీ విట్సన్, యూరీ మలెంచెంకో, దక్షిణ కొరియా వ్యోమగామి యీ సో-యోన్ 8 జీకి పైగా బరువు భరించారు, అనుకున్న చోటుకు 400 కిలోమీటర్లకు పైగా ముందే దిగారు. మామూలుగా బరువు మధ్యలో కాకుండా కొంచెం పక్కకు ఉంచుతారు, దాంతో క్యాప్సూల్ కాస్త వాలి గాలిలో కొంత పైకి తేలుతుంది. అటూ ఇటూ దొర్లించి ఆ తేలుడు దిశ మారుస్తూ దారి సరిచేస్తారు. ఆ నియంత్రణ పోతే నౌక తన చుట్టూ తాను తిరుగుతూ రాయిలా పడుతుంది. 8, 9 జీ, కానీ బతుకుతారు. ఆ రెండో దారి ఉండటమే సోయజ్ గొప్పతనం అని నా అభిప్రాయం.

విడిపోయినా ప్రమాదమే అనడానికి సోయజ్-11. 1971 జూన్ 30న ముక్కలు విడిపోయే కుదుపుకి, దిగాక బయటి గాలి రావడానికి పెట్టిన చిన్న కవాటం 168 కిలోమీటర్ల ఎత్తులోనే తెరుచుకుంది. లోపలి గాలి రెండు నిమిషాలు తిరక్కుండానే పోయింది. దొబ్రొవోల్‌స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్ ముగ్గురూ చనిపోయారు. ముగ్గురికి సూట్లు పట్టే చోటు లేదని మామూలు బట్టల్లో వెళ్ళారు. ఆ తర్వాత 1973 నుంచి సోకోల్ సూట్లు తప్పనిసరి. వాటికీ వాటి సామగ్రికీ చోటు కోసం చాలా ఏళ్ళు సోయజ్‌లో ఇద్దరే వెళ్ళారు.

ఇంకొకటి చెప్పి ఆపుతా. 1988 సెప్టెంబర్‌లో టీఎం-5లో ల్యాఖోవ్, అఫ్గాన్ వ్యోమగామి మొహమంద్ వస్తుంటే సెన్సర్, కంప్యూటర్ తేడాలతో ఇంజిన్ సరిగా మండలేదు. ఆ రోజుల్లో ఇంధనం ఆదా అని గుండ్రటి గదిని ముందే వదిలేసేవారు. మరుగుదొడ్డి, తిండి అందులోనే. ఒక రోజంతా ఇరుకులో గడిపి మర్నాడు దిగారు. అప్పటి నుంచి ఇంజిన్ మండించాకే ఆ గదిని వదులుతున్నారు.


హరిత_ప్లాస్మా

అమెరికా షటిల్ కొలంబియా ప్రస్తావన లేకుండా ఇది పూర్తికాదు. 2003 జనవరి 16న బయల్దేరిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. అక్కడ కార్బన్ పలకకు చిల్లు పడింది. 16 రోజులు కక్ష్యలో ఏమీ తెలియలేదు, అక్కడ గాలి లేదు కదా. ఫిబ్రవరి 1న దిగేటప్పుడు ఆ చిల్లులోంచి వేడి వాయువు దూరి లోపలి అల్యూమినియంని కరిగించింది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు. క్యాప్సూల్ కవచం పైకి వెళ్ళినంతసేపూ కింద దాగి ఉంటుంది, షటిల్ కవచం మొదటి నుంచీ బయటే ఉండేది. ఆ డిజైన్‌కి అదే మూల లోపం.

గగన్‌యాన్ గురించి. నేలమీద దిగాలంటే చదునైన, జనం లేని, వందల కిలోమీటర్లు తప్పినా పర్వాలేని మైదానం కావాలి. సోయజ్‌కి కజకిస్తాన్‌లో స్టెప్పీ (గడ్డి మైదానం) ఉంది, మనకు సముద్రముంది. నీళ్ళలో దిగితే నేలకు ముప్పావు మీటరు దగ్గర మండించే ఆ ఇంజిన్లు కూడా అక్కర్లేదు. ఇస్రో ఈ విద్య అంచెలంచెలుగా నేర్చుకుంది. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి వెళ్ళిన 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1 పన్నెండు రోజులు కక్ష్యలో తిరిగి, 22న శ్రీహరికోటకు తూర్పున 140 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో దిగింది. మన దేశం కక్ష్యలోంచి వెనక్కి రప్పించిన మొదటి వస్తువది. 2014 డిసెంబర్ 18న 3,735 కిలోల కేర్ క్యాప్సూల్‌ని 126 కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలి అండమాన్ దగ్గర సముద్రంలోంచి తీసుకున్నారు. అది కక్ష్యా వేగానికి వెళ్ళలేదు కాబట్టి పూర్తి వేడి పరీక్ష కాదు, ఆకారం, కవచం అమరిక, ప్యారాచూట్ల పరీక్ష.

గగన్‌యాన్‌లో నాలుగు రకాల ప్యారాచూట్లు పది ఉంటాయి: మూత లాగేవి 2, వేగం తగ్గించి నిలకడ ఇచ్చేవి 2, పెద్దవాటిని బయటికి లాగేవి 3, ప్రధానమైనవి 3. ఆ మూడింట్లో రెండు విచ్చుకున్నా చాలు. ఈ జాగ్రత్త ఎందుకంటే 1971 ఆగస్టు 7న అపోలో-15కి మూడింట్లో ఒకటి దిగుతుండగానే పనికిరాకుండా పోయింది. బయటికి వదిలేసిన మిగులు ఇంధనం ప్యారాచూట్ పట్టీల్ని దెబ్బతీసి ఉంటుందని తేల్చారు. ముగ్గురూ కాస్త గట్టి దెబ్బతో క్షేమంగా దిగారు.

నీళ్ళతో ఒక చిక్కుంది. ప్యారాచూట్‌ని వెంటనే వదలకపోతే గాలికి అది లాగి క్యాప్సూల్‌ని బోర్లా పడేస్తుంది. అపోలో-11 కూడా అలాగే తలకిందులైంది. పైభాగంలోని బుడగల్లోకి గాలి నింపి లేపుకున్నారు. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ కోసం శ్రీహరికోట నుంచి పరీక్షించిన టీవీ-డీ1 క్యాప్సూల్ కూడా నీళ్ళలో బోర్లా తేలుతూనే నౌకాదళానికి దొరికింది.